పుట్టగానే బిడ్డకు చేసేవన్నీ వద్దని రాసిస్తే తప్పా?

మొదటి కాన్పు
నాకిప్పుడు 35వ వారం. నిన్న చెకప్‌కి వెళ్తే ఒక ఫారం చేతిలో పెట్టారు. బిడ్డ పుట్టాక చేసేవన్నీ అందులో వరుసగా ఉన్నాయి. విటమిన్ కె ఇంజెక్షన్, కళ్ళలో ఆయింట్‌మెంట్, హెపటైటిస్ బి టీకా, మడమ నుంచి రక్తం తీసి చేసే పరీక్ష, వినికిడి పరీక్ష, ఆక్సిజన్ పరీక్ష. ఒక్కోదాని పక్కన 'సరే', 'వద్దు' అని రెండు గడులు. కింద మా ఇద్దరి సంతకాలు.

నిజం చెప్తాను, నా మనసు అన్నిటికీ 'వద్దు' అనే వైపే ఉంది. తొమ్మిది నెలలు కడుపులో పెట్టుకుని కాపాడిన బిడ్డ బయటికొచ్చిన గంటలోనే సూదులు, మందులు అంటే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఆరోగ్యంగా పుట్టిన పిల్లకి ఇవన్నీ ఎందుకు? మా ఆయన ఏదీ తేల్చట్లేదు, "నీ ఇష్టం" అంటున్నారు. ఆ మాట నాకు ఇంకా బరువుగా ఉంది.

తిట్టకండి, దయచేసి. 'డాక్టర్లు చెప్పింది చెయ్యి' అన్న ఒక్క మాట కాకుండా, ఏది ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి.

పసివార్డు నర్సు
ఎవరూ తిట్టరమ్మా. అడిగేవాళ్ళే బిడ్డ గురించి ఎక్కువ ఆలోచిస్తున్నవాళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా పసిపిల్లల వార్డులోనే చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందుగా ఒక్క పని చెయ్యి. ఆ ఆరింటినీ ఒకే మూటగా చూడకు. అన్నీ ఒకే కాగితం మీద ఉండేసరికి అన్నిటికీ ఒకే జవాబు ఇవ్వాలనిపిస్తుంది. అందులో మూడు బిడ్డ ఒంట్లోకి పోయేవి, మూడు కేవలం చూసుకునేవి. వినికిడి, ఆక్సిజన్ పరీక్షల్లో అసలు సూదే లేదు. బిడ్డ నిద్రపోతుండగానే అయిపోతాయి.

ఇక విటమిన్ కె. ఇది టీకా కాదు, విటమిన్. రక్తం గడ్డకట్టాలంటే కాలేయం కొన్ని పదార్థాలు తయారుచెయ్యాలి, దానికి ఈ విటమిన్ కావాలి. ఇది తల్లి నుంచి మాయ దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ. తల్లిపాలలోనూ తక్కువే. పెద్దవాళ్ళకి పేగుల్లోని బాక్టీరియా కొంత తయారుచేసి పెడుతుంది, పసికందు పేగుల్లో అవి ఇంకా కుదురుకోలేదు. అందుకని ప్రతి బిడ్డా, ఎంత బలంగా పుట్టినా, ఈ ఒక్క విషయంలో ఖాళీ జేబుతోనే పుడుతుంది. తల్లి లోపం ఏమీ లేదు ఇందులో.

ఇద్దరి నాన్న
మేం మొదటి పాపకి విటమిన్ కె వద్దన్నాం. ఏమీ కాలేదు. పాపకి ఇప్పుడు ఏడేళ్ళు, చక్కగా ఉంది.

రెండోవాడికి మాత్రం వేయించాం. ఎందుకంటే 'ఏమీ కాలేదు' అన్నది లెక్కలోకి రాదని అప్పటికి నాకు అర్థమైంది. ఈ ఇంజెక్షన్ వేయించని పిల్లల్లో, రెండు వారాల తర్వాత వచ్చే రక్తస్రావం లక్షకు నలుగురి నుంచి ఏడుగురి వరకు కనిపిస్తుంది. అంటే వద్దన్నవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా నాలాగే వచ్చి 'మాకేం కాలేదు' అని రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ అది చదివి ఇంకొకరు నిర్ణయం తీసుకుంటే, ఆ లక్షలో ఎవరి బిడ్డ ఉంటుందో ముందే తెలిసే దారి లేదు. నేనూ అప్పట్లో అలాంటి మాటలు చదివే వద్దన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిదానం
లక్షకు ఏడుగురు అంటే చాలా తక్కువే కదా. దానికోసం మిగతా అందరికీ సూది గుచ్చాలా? నాది వ్యతిరేకత కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పసివార్డు నర్సు
న్యాయమైన ప్రశ్నే. ఆ అంకె ఆలస్యంగా వచ్చే రకానిది మాత్రమే. విటమిన్ కె తక్కువై వచ్చే రక్తస్రావం మూడు రకాలు. మొదటి 24 గంటల్లో వచ్చేది ఒకటి, తల్లి మూర్ఛకో క్షయకో కొన్ని మందులు వాడుతుంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండో రోజు నుంచి వారం లోపు వచ్చేది ఇంకొకటి. ఇంజెక్షన్ వేయని పిల్లల్లో ఈ రెండో రకం చాలా ఎక్కువ, వెయ్యికి రెండు మూడు నుంచి పదిహేడు దాకా. బొడ్డు నుంచి, ముక్కు నుంచి, మలంలో రక్తం పడుతుంది. ఇది కంటికి కనిపిస్తుంది, ఆస్పత్రిలో ఉండగానే పట్టుకోవచ్చు.

మూడోది రెండో వారం తర్వాత వచ్చేది, ఆరు నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. ఎక్కువగా తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో. అందులో దాదాపు సగం మందికి రక్తం కారేది తల లోపల. బయటికి ఒక్క చుక్క కనిపించదు. నేను అంకెను చూసి భయపడను. దాన్ని ముందే ఆపగలిగే మందు ఉండి కూడా ఆపలేకపోవడం, అదీ నన్ను బాధపెట్టేది.

ఆరోవారం
ఈ చర్చ తెరిచి మూడుసార్లు మూసేశాను. ఈసారి రాసేస్తాను.

మా బాబుకి ఐదు వారాలు నిండాయి. తల్లిపాలే. బరువు బాగా పెరిగాడు, అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఇంజెక్షన్ వద్దని మేమే రాసిచ్చాం. ఒక రోజు స్నానం చేయిస్తుంటే రొమ్ము మీద నా బొటనవేలంత నీలిమచ్చ కనిపించింది. ఎత్తుకునేటప్పుడు గట్టిగా పట్టుకున్నానేమో అనుకున్నాను. నా చెయ్యి దాని మీద పెట్టి చూశాను కూడా, సరిపోతుందా అని. మర్నాడు ముక్కు దగ్గర కొంచెం రక్తం, తుడిస్తే ఆగింది. ఆ రాత్రి పాలు పట్టలేదు. రెండుసార్లు కక్కుకున్నాడు. తెల్లారుజామున లేపితే కళ్ళు తెరవలేదు. ఏడుపు కూడా సన్నగా, మూలుగులా ఉంది.

స్కాన్‌లో తల లోపల రక్తం గడ్డకట్టి ఉంది. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పుట్టినప్పుడు విటమిన్ కె వేయించారా?" అని. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. అప్పటికప్పుడు అదే ఇంజెక్షన్ వేశారు. నేను వద్దన్నదే.

బాబు బతికాడు. నాలుగేళ్ళు ఇప్పుడు. కుడి చెయ్యి ఎక్కువ వాడడు, ఫిజియోథెరపీ నడుస్తోంది. నవ్వుతాడు, పాటలు పాడతాడు, మాకు అంతకంటే ఏం కావాలి. కానీ ఆ నీలిమచ్చని నేను వేలు అనుకున్న ఆ రోజు ఉంది చూశారా, అది నన్ను వదలదు.

అమ్మా, నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా నేను నిన్ను తప్పుపట్టను. ఒకవేళ వద్దనుకుంటే మాత్రం ఇవి గుర్తుపెట్టుకో. కారణం లేని నీలిమచ్చ, ముక్కు నుంచో బొడ్డు నుంచో కొద్దిపాటి రక్తం, నల్లటి మలం, మూడు వారాలు దాటినా తగ్గని పచ్చకామెర్లు, అతిగా నిద్ర. ఇందులో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకు. వెళ్ళగానే 'విటమిన్ కె వేయించలేదు' అని ముందే చెప్పు.

మొదటి కాన్పు
ఆరోవారం గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. మీరు రాసినందుకు మీకు దండం. బాబుని నా తరఫున ముద్దుపెట్టుకోండి.

రెండు సందేహాలు మాత్రం అడుగుతాను. ఈ ఇంజెక్షన్‌కీ పిల్లల్లో కేన్సర్‌కీ సంబంధం ఉందని చదివాను. ఇంకోటి, నోట్లో చుక్కలుగా వేస్తే సరిపోదా? బొడ్డుతాడు ఆలస్యంగా కోస్తే ఆ రక్తంలోనే విటమిన్ కె వచ్చేస్తుందని కూడా ఒకచోట ఉంది.

పిల్లల డాక్టర్
ఒక్కొక్కటిగా చెప్తాను.

కేన్సర్ సంగతి గాలిమాట కాదు, దానికి మూలం ఉంది. 1990లో, మళ్ళీ 1992లో బ్రిటన్ నుంచి వచ్చిన రెండు పరిశోధనలు కండరానికి వేసే విటమిన్ కె వల్ల ముప్పు ఉండవచ్చన్నాయి. వాటిలో లెక్కకు తీసుకున్న పిల్లల సంఖ్య తక్కువ. వైద్యులు దాన్ని కొట్టిపారేయలేదు, పెద్ద ఎత్తున సరిచూశారు. స్వీడన్‌లో 13 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూస్తే సంబంధం కనిపించలేదు. తర్వాత వేరే దేశాల్లో చేసినవాటిలోనూ అది నిలబడలేదు. కానీ భయం మాత్రం ఇంటర్నెట్‌లో మిగిలిపోయింది. 2013లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు లోపు నలుగురు పసివాళ్ళు ఈ ఆలస్యపు రక్తస్రావంతో ఆస్పత్రికి వచ్చారు. నలుగురికీ ఇంజెక్షన్ పడలేదు. ఎందుకు వద్దన్నారని అడిగితే తల్లిదండ్రులు చెప్పిన కారణాల్లో ల్యుకేమియా, అంటే రక్త కేన్సర్, భయం ఒకటి. అక్కడి ప్రైవేటు ప్రసవ కేంద్రాల్లో పుట్టిన పిల్లల్లో 28 శాతం మందికి వద్దన్నారని అప్పుడే తేలింది.

నోటి చుక్కలు పనిచేస్తాయి, కొంతవరకు. కొన్ని ఐరోపా దేశాల్లో వాడారు, వాడుతున్నారు. ఒక్క డోసుతో సరిపోదు, వారాల తరబడి మరిచిపోకుండా వెయ్యాలి. ఇంకో చిక్కు ఉంది. కొందరు పిల్లలకి పైత్యరసం దారి మూసుకుపోయే జబ్బు ఉంటుంది, మొదటి వారాల్లో అది ఎవరికీ తెలియదు. పైత్యరసం లేకపోతే ఈ విటమిన్ పేగుల్లో ఇంకదు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్ళకే చుక్కలు పట్టవు. కండరానికి వేసింది నెమ్మదిగా, నెలల పాటు కొంచెం కొంచెంగా అందుతుంది. 1 మిల్లీగ్రాము డోసు రోజువారీ అవసరంతో పోలిస్తే చాలా పెద్దదిగా కనిపించడానికి కారణం అదే.

బొడ్డుతాడు ఆలస్యంగా కోయడం మంచిదే, తప్పకుండా అడగండి. దానివల్ల ఇనుము నిల్వలు పెరుగుతాయి. విటమిన్ కె మాత్రం ఆ రక్తంలో కూడా తక్కువే. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదన్నది సరికాదు.

వేకువ
కంటి ఆయింట్‌మెంట్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే మేం వద్దన్నది అదొక్కటే, ఇప్పటికీ అది సరైన నిర్ణయమేననుకుంటున్నాను.

ఇది మొదలైంది 1880 ప్రాంతంలో. లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే డాక్టరు పుట్టిన ప్రతి బిడ్డ కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. అప్పట్లో తల్లి నుంచి గనేరియా అనే సుఖవ్యాధి సోకి పసివాళ్ళు చూపు పోగొట్టుకునేవాళ్ళు. ఆయన ప్రసూతి ఆస్పత్రిలో నూటికి పదిమంది దాకా వచ్చే ఆ కంటిజబ్బు నూటికి ఒకటి కన్నా కిందికి పడిపోయింది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో అది వరం. ఇప్పుడు దాని బదులు ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ వాడుతున్నారు.

కానీ ఇప్పుడు గర్భంలో ఉండగానే తల్లికి పరీక్ష చేసి మందు ఇచ్చేయొచ్చు. బ్రిటన్‌లో అందరికీ వెయ్యడం ఎప్పుడో మానేశారు. కెనడా పిల్లల వైద్యుల సంఘం కూడా 2015లో, అందరికీ వెయ్యడం కన్నా తల్లులకు పరీక్షలు చేయడమే మేలంది. అమెరికాలో మాత్రం ఇంకా వెయ్యమనే చెప్తున్నారు, కొన్ని రాష్ట్రాల్లో చట్టమే ఉంది. నాకు ఆ పరీక్షల్లో నెగటివ్ వచ్చింది. పుట్టగానే పాప నా మొహం వైపు చూసే ఆ మొదటి గంటలో కళ్ళు మసకగా ఉండకూడదనుకున్నాను.

ఇద్దరి నాన్న
పరీక్ష మూడో నెలలో చేసి ఉంటే? తర్వాత సోకితే?

వేకువ
నాకు ఎనిమిదో నెలలో మళ్ళీ చేశారు. ఆ మాట రాయాల్సింది, మీరడగడం మంచిదైంది. చేయించకుండా వద్దనడం నేనెవరికీ చెప్పను.

పిల్లల డాక్టర్
వేకువ గారి ఆలోచనకు నేను అడ్డు చెప్పను. ఆరింటిలో మంచి డాక్టర్ల మధ్య కూడా నిజాయితీగా భేదాభిప్రాయం ఉన్నది ఇదే. ఒక్కటి మాత్రం. ఆయింట్‌మెంట్ వేసినా వేయకపోయినా మొదటి వారాల్లో రెప్పలు వాచి, చీము కారితే అది గంటల్లో చూడాల్సిన విషయం. గనేరియా అయితే నల్లగుడ్డు దెబ్బతినడానికి ఎక్కువ కాలం పట్టదు.

చెప్పుకోని మాట
ఈ పేరుతో కొత్త ఖాతా తెరిచాను, అసలు పేరుతో రాయలేను. నాకు హెపటైటిస్ బి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉందట. తెలిసింది మాత్రం కడుపుతో ఉండగా చేసిన రక్తపరీక్షలో. ఒక్కరోజు కూడా జబ్బుపడలేదు నేను. మా అమ్మకీ ఉందని తర్వాత తేలింది, ఆమెకీ తెలియదు. తెలియకుండానే ఆమె నుంచి నాకు వచ్చింది.

పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దానంతటదే పోతుందట. పుట్టుకలో సోకితే తొంభై మందికి జీవితాంతం ఉండిపోతుంది, తర్వాత కాలేయం పాడవడం, కేన్సర్. ఈ తేడా డాక్టరు చెప్పిన రోజు నేను ఎంత ఏడ్చానో. నా బిడ్డకి నేనే ఇస్తానేమోనని.

పాప పుట్టిన రెండు గంటల్లో ఒక తొడకి టీకా, ఇంకో తొడకి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు, వేశారు. పన్నెండు గంటల లోపు రెండూ పడాలన్నారు. మిగతా డోసులు తారీకు తప్పకుండా వేయించాం. తొమ్మిది నెలలు నిండాక పరీక్ష చేశారు. రిపోర్టు కవరు నేను విప్పలేకపోయాను, మా ఆయన విప్పారు. వైరస్ నెగటివ్, రక్షణ పాజిటివ్. మూడు తరాల్లో మా ఇంట్లో ఇది ఆగింది నా కూతురి దగ్గర.

'ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకి ఎందుకు' అని మీరు రాశారు కదా. మా అమ్మ కూడా ఆరోగ్యంగానే ఉంది, నేనూ ఆరోగ్యంగానే పుట్టాను. కోపంతో అనట్లేదు.

నిదానం
మీ మాట మనసుకి పట్టింది. అయినా ఒక్కటి అడగాలి. తల్లికి నెగటివ్ అని తేలితే? బ్రిటన్‌లో నెగటివ్ తల్లుల పిల్లలకి పుట్టగానే వెయ్యరు, ఎనిమిది వారాలకి మొదలుపెడతారు. మా బాబుకి మేం అలాగే రెండో నెలలో వేయించాం.

పసివార్డు నర్సు
తల్లి రిపోర్టు ఈ మధ్యదై, ఇంట్లో ఎవరికీ లేదని తెలిసి, రెండో నెలలో తప్పక వేయిస్తామని గట్టిగా ఉంటే, మీరు చేసింది పిచ్చిపని అని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2009 నుంచి ప్రతి బిడ్డకీ 24 గంటల లోపు వెయ్యమని చెప్తోంది. కారణం ఉంది. లోకంలో దాదాపు పాతిక కోట్ల మందికి ఈ జబ్బు ఉంది, ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు. రిపోర్టు తప్పుగా నకలు రాసేవాళ్ళుంటారు. పరీక్ష తర్వాత సోకేవాళ్ళుంటారు. బిడ్డని ఎత్తుకునేది తల్లి ఒక్కతే కాదు, ఈ వైరస్ ఒంటి బయట కూడా ఏడు రోజులు బతుకుతుంది.

రెండో నెలలో వేయిస్తామని చెప్పి ఆరో నెలకి కూడా రానివాళ్ళని చూశాను. వాళ్ళు చెడ్డ తల్లిదండ్రులు కాదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తారీకులు గుర్తుండవు, అంతే. నన్నడిగితే పుట్టినరోజునే వేయించెయ్యమంటాను.

ల్యాబ్ బెంచీ
మడమ పరీక్ష గురించి ఎవరూ మాట్లాడట్లేదు, అది నా పని కాబట్టి నేనే మొదలుపెడతాను.

మాకు వచ్చేది ఒక దళసరి కాగితం. మీద గుండ్రటి గీతలు కొన్ని. ఒక్కో గీత లోపల ఒక్కో రక్తపు బొట్టు వెనక్కి ఇంకేదాకా నిండి ఉండాలి. ఈ పద్ధతి 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ అనే అమెరికా డాక్టరు తెచ్చింది. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం ఉండేది, బంధువుల పాపకి పీకేయూ అనే జబ్బు ఆలస్యంగా బయటపడింది. ఆ జబ్బు ఉన్న బిడ్డ పుట్టినప్పుడు అందరిలాగే ఉంటుంది. తినే ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని ఒళ్ళు విరగ్గొట్టుకోలేక అది మెదడుని నెమ్మదిగా పాడుచేస్తుంది. ముందే తెలిస్తే ఆహారం మార్చితే చాలు.

ఇప్పుడు ఆ బొట్లలో ఎన్ని చూస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. దాదాపు అంతటా చూసేది థైరాయిడ్. రెండు వేల నుంచి నాలుగు వేల మందిలో ఒక బిడ్డకి పుట్టుకతోనే అది సరిగా పనిచేయదు. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. బిడ్డని చూసి గుర్తుపట్టేదాకా ఆగితే పోయిన తెలివి తిరిగి రాదు. రోజుకొక చిన్న మాత్ర! నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చేది, నేను చూసిన ఒక అంకె వల్ల ఎక్కడో నేనెప్పుడూ చూడని ఒక పాప బడికి పోతుందన్న సంగతి.

రెండు సలహాలు. 24 గంటలు నిండాక తీయమనండి, అంతకుముందు తీస్తే కొన్ని ఫలితాలు సరిగా రావు, మళ్ళీ గుచ్చాలి. రెండోది, 'మళ్ళీ రండి' అని ఫోన్ వస్తే గుండె జారిపోనివ్వకండి. అలా పిలిచిన చాలామందికి రెండో పరీక్షలో ఏమీ ఉండదు. కానీ వెళ్ళడం మాత్రం మానకండి, అదే రోజు వెళ్ళండి.

వేకువ
ఆ కార్డులు తర్వాత ఏం చేస్తారో కూడా చెప్పండి. నన్ను ఆలోచింపజేసింది అదే.

ల్యాబ్ బెంచీ
అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలోని టెక్సాస్‌లో తల్లిదండ్రుల అనుమతి లేకుండా కార్డులు దాచి పరిశోధనకి వాడారని 2009లో కేసు పడింది. చివరికి 50 లక్షలకు పైగా కార్డులు నాశనం చెయ్యాల్సి వచ్చింది. తల్లిదండ్రులు అడిగినందుకే ఆ మార్పు వచ్చింది. ఎన్నాళ్ళు ఉంచుతారు, పరిశోధనకి వాడతారా, వద్దంటే నాశనం చేస్తారా అని రాతపూర్వకంగా అడగొచ్చు. పరీక్ష చేయించుకుని, కార్డు దాచొద్దని చెప్పే వీలు చాలాచోట్ల ఉంది. దానికోసం పరీక్షే వదులుకోకండి.

రెండేళ్ళ తర్వాత
వినికిడి పరీక్ష మేం వదిలేశాం. భయంతో కాదు, ఇంటికి వెళ్ళే తొందరలో. మిషన్ వేరే గదిలో ఉంది, అరగంట ఆగమన్నారు, మళ్ళీ వస్తాంలే అన్నాం. పాపకి మాటలు రావట్లేదని రెండేళ్ళప్పుడు చూపిస్తే రెండు చెవులూ వినిపించవని తెలిసింది. వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఉంటుందట. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సాయం మొదలవ్వాలి అని అప్పుడు చెప్పారు. మేం పోగొట్టుకున్నది ఆ అరగంట కాదు. రెండేళ్ళు నేను పాడిన జోలపాటలు.

పిల్లల డాక్టర్
ఆక్సిజన్ పరీక్ష కూడా అంతే తేలిక. కుడిచేతికి, ఒక కాలికి చిన్న పట్టీ కట్టి చూస్తారు. 95 శాతం, ఆ పైన ఉండాలి. చూడటానికి ఎర్రగా, ముద్దుగా ఉన్న బిడ్డలో కూడా గుండె లోపం దాగి ఉండొచ్చు. పుట్టాక ఒక రక్తనాళం మూసుకునేదాకా అది బయటపడదు, మూసుకున్నాక గంటలే మిగులుతాయి.

పసివార్డు నర్సు
మొదటి కాన్పు, నువ్వు మొదట రాసినది మళ్ళీ చదివాను. నీకు అసలు బాధ మందు మీద కాదనిపిస్తోంది, ఆ మొదటి గంట మీద. పుట్టీ పుట్టగానే ఎవరో ఎత్తుకుపోయి సూది గుచ్చడం. అవునా? అయితే నువ్వు రాయాల్సింది 'వద్దు' కాదు, 'కాసేపాగి'.

కాన్పు ముందే కాగితం మీద ఇలా రాసివ్వు. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయండి. బిడ్డని నా గుండెల మీదే పడుకోబెట్టండి. మొదటిసారి పాలు తాగేదాకా ఏ సూదీ వద్దు. విటమిన్ కె మొదటి ఆరు గంటల్లో ఇస్తే చాలు. స్నానం 24 గంటల తర్వాతే. బరువు, కొలతలు అన్నీ తర్వాత. బిడ్డా నువ్వూ బాగుంటే వీటికి కాదనే డాక్టరు తక్కువ. బిడ్డకి ఊపిరి అందకపోతే మాత్రం వెంటనే తీసుకెళ్ళనివ్వు, అప్పుడు కాగితం చూడకు.

ఇంకో మాట, ఇది నేను వేలసార్లు చూసింది. పాలు తాగుతుండగా సూది వేస్తే బిడ్డ ఒక్కసారి ఉలిక్కిపడి, నోరు విడిచి, ఒక చిన్న ఏడుపు ఏడ్చి, మళ్ళీ రొమ్ము పట్టేస్తుంది. బల్ల మీద ఒంటరిగా వేస్తే నిమిషాల తరబడి ఏడుస్తుంది. సూది అదే, చెయ్యీ అదే. మడమ పరీక్ష కూడా నీ ఒళ్ళోనే చెయ్యమని అడుగు, బిడ్డ కాలు ముందుగా వెచ్చగా పట్టుకో, రక్తం తేలిగ్గా వస్తుంది.

మొదటి కాన్పు
చదువుతూ ఏడ్చేశాను. అవును, అదే నా బాధ. నాకే మాటల్లో పెట్టుకోవడం రాలేదు. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. 'ఆరోవారం' గారిది చదివేటప్పుడు ఆయన లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. "నీ ఇష్టం అన్నది నేను తప్పించుకోవడానికి" అన్నారు తర్వాత. ఇద్దరం కూర్చుని ఫారం నింపాం. కంటి ఆయింట్‌మెంట్ గడి ఖాళీగా వదిలాను, వచ్చే చెకప్‌లో నా పరీక్షలు మళ్ళీ చేయించి అప్పుడు రాస్తాను. మిగతా అయిదూ సరే. వెనక పేజీలో 'కాసేపాగి' కాగితం జతచేశాను.

మొదటి కాన్పు
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, ఒక చేత్తోనే టైపు చేస్తున్నా. పాప పుట్టి పదకొండు రోజులు.

బొడ్డుతాడు రెండు నిమిషాలు ఆగారు. గంటన్నర నా మీదే పడుకుంది. విటమిన్ కె పాలు తాగుతుండగా వేశారు, వాళ్ళ నాన్న కాలు పట్టుకున్నారు. సరిగ్గా నర్సమ్మ గారు చెప్పినట్టే, ఉలిక్కిపడి, ఒక్క ఏడుపు, మళ్ళీ పాలు. ఆయన మాత్రం చాలాసేపు ఆ కాలు వదల్లేదు. టీకా అదే రోజు సాయంత్రం. నా పరీక్షలు నెగటివ్ వచ్చాయి కాబట్టి ఆయింట్‌మెంట్ వద్దని రాశాం, మా డాక్టరు సరేనన్నారు. మడమ పరీక్ష ఫలితాలన్నీ బాగున్నాయి.

ఒక్కటి మిగిలింది. ఎడమ చెవి మొదటిసారి పాస్ కాలేదు. ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు. పెద్ద టెన్షన్ లేదు అంటున్నాను గానీ ఉంది.

రెండేళ్ళ తర్వాత
మొదటి రోజుల్లో చెవిలో ఉమ్మనీరు, తెల్లటి పూత ఉండి అలా రావడం మామూలే అమ్మా. వెళ్ళే ముందు నిద్ర ఆపి ఉంచి, అక్కడికి చేరాక కడుపునిండా పాలిచ్చి పడుకోబెట్టు. గాఢనిద్రలో ఉంటే పరీక్ష త్వరగా అవుతుంది. దుప్పటి ఒకటి పట్టుకెళ్ళు, ఆ గది చల్లగా ఉంటుంది. అరగంట ఆగమంటే ఆగు. అయ్యాక ఇక్కడ రాయి, చూస్తుంటాను.